రమణమూర్తి వెండినీళ్లు

రిటైరైన రోజు నుంచీ రమణమూర్తికి చేతులు ఊరుకోలేదు. పోర్టులో ఏళ్ల తరబడి క్రేన్ నడిపిన మనిషి. గాజువాకలో తమ వీధిలోని మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీ పెట్టెలు అన్నీ బాగుచేసేశాడు. పాడైనవేవీ మిగలకపోయేసరికి ఫోన్లో వీడియోలు చూడడం మొదలుపెట్టాడు. అందులో కనబడ్డాయి వెండినీళ్లు. గాజు గ్లాసులో నీళ్లు పోసి, రెండు వెండి తీగలు ముంచి, వాటికి బ్యాటరీ కలిపితే కంటికి ఆననంత సన్నటి వెండి రేణువులు నీళ్లలో చేరతాయట. దగ్గుకీ పుండుకీ అన్నిటికీ అదే మందట. మందు సంగతి తర్వాత, తీగలూ బ్యాటరీ అనేసరికే ఆయన లేచి కూర్చున్నాడు.

భార్య కాశమ్మ పాత వెండి పట్టీల ముక్కలు అడిగి తీసుకుని, కుళాయి నీళ్లలో ముంచాడు. కాసేపటికి గ్లాసంతా బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడింది. కుళాయి నీళ్లలో ఉప్పూ క్లోరినూ ఉంటాయి కాబట్టి అలాగే అవుతుందని ఇంకో వీడియో చూస్తే తెలిసింది. పట్టీల్లో రాగి కలిసి ఉంటుందని వెండి కొట్టతను చెప్పాడు. దాంతో మేలిమి వెండి తీగ వచ్చింది, మందుల షాపు నుంచి డిస్టిల్డ్ వాటర్ వచ్చింది, ఇంట్లో శుభ్రం మొదలైంది.

గ్లాసుని సబ్బుతో తోమి, కుళాయి కింద కడిగి, చివర డిస్టిల్డ్ వాటర్‌తో జాడించేవాడు. సబ్బు జిడ్డు మిగిలినా, తువ్వాలు నూలు అంటినా నీళ్లు మబ్బేస్తాయని గుడ్డతో తుడవనిచ్చేవాడు కాదు. బోర్లించి ఆరబెట్టేవాడు. తీగల మీద నల్లగా పట్టినది ప్రతిసారీ రుద్దేవాడు. కాశమ్మ పోపు పెడితే ఆ ఆవిరి పడుతుందని గ్లాసు పట్టుకుని వరండాలోకి నడిచేవాడు.

"ఏటండీ, ఆ గ్లాసుకున్న మర్యాద ఈ ఇంట్లో నాకు నేదు," అంది కాశమ్మ నవ్వుతూ.

చివరికి ఒకనాడు నీళ్లు తేటగా, లేత పసుపు రంగులో తయారయ్యాయి. రమణమూర్తి ఆనందం ఇంతా అంతా కాదు. వచ్చినవాళ్లందరికీ కనబడేలా గాజు సీసాలో పోసి కిటికీలో, ఎండ తగిలేచోట పెట్టాడు. భీమిలిలో ఉండే పైడయ్యకు కూడా ఒక సీసా ఇచ్చాడు. పైడయ్య సముద్రంలో వేటకు వెళ్లే మనిషి. ఒకప్పుడు పోర్టు క్యాంటీనుకి చేపలు తెచ్చేవాడు, అప్పటి నుంచీ ఇద్దరూ బావా అంటే బావా అనుకుంటారు. చలికాలం నుంచీ అతణ్ణి దగ్గు వదలడం లేదు. రోజూ ఒక చెంచా తాగమని రమణమూర్తి గట్టిగా చెప్పి పంపాడు.

మధురవాడలో ఫార్మసిస్టుగా పనిచేసే కూతురు హేమశ్రీ ఆ ఆదివారం ఇంటికొచ్చింది. కిటికీలో సీసా తీసి చూసింది. లేత పసుపు కాస్తా టీ డికాక్షన్ రంగుకి తిరిగింది, అడుగున నల్లటి మడ్డి పేరుకుంది. వెలుతురు తగిలితే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని కిందకి దిగిపోతాయనీ, దాచాలంటే చీకట్లో ముదురు రంగు సీసాలో దాచాలనీ, అప్పుడైనా ఎక్కువకాలం నిలవవనీ చెప్పింది. రమణమూర్తి శ్రద్ధగా తలూపుతూ ముదురు రంగు సీసాలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు.

"నిలవ సంగతి కాదు నాన్నా," అంది హేమశ్రీ. "ఎంత శుభ్రంగా చేసినా ఇది తాగేది కాదు. ఏ రోగమూ తగ్గదు. వెండి ఒంట్లో పేరుకుపోతే చర్మం నీలంగా, బూడిదరంగుగా మారిపోద్ది. మళ్లీ పోదు. ఎవరికీ ఇవ్వలేదు కదా?"

రమణమూర్తి లేచి చొక్కా తొడుక్కున్నాడు. పైడయ్యకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. భీమిలి బస్సులో దారంతా కిటికీ కమ్మీ పట్టుకునే కూర్చున్నాడు. సముద్రం పక్కనే వస్తున్నా ఆయన అటు చూడలేదు.

ఒడ్డున పడవ పక్కన పైడయ్య నిలబడి ఉన్నాడు. చేతులు మోచేతుల దాకా నీలం. చెంప మీద నీలం. రమణమూర్తి ఇసుకలో పరుగెత్తాడు.

"బావా, ఆ రంగేటి?" అన్నాడు.

"ఏటంటావేటి బావా, పడవకి రంగేత్తన్నాను," అన్నాడు పైడయ్య, చేతిలో బ్రష్షు చూపించి.

రమణమూర్తి ఇసుకలో కూలబడి, ఉన్న సంగతంతా చెప్పాడు. పైడయ్య తల గోక్కుని భార్య చిట్టమ్మ వైపు చూశాడు. చిట్టమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నీళ్లు తెచ్చిన రోజే పారబోశానని ఒప్పుకుంది. "సీసా మంచిదన్నయ్యా. రొయ్యల పచ్చడెట్టాను. ఈయన్ని రేపు ఆసుపత్రికి తీస్కెల్తాను, దగ్గుకి."

రమణమూర్తి కళ్లు తుడుచుకుంటూ నవ్వడం మొదలుపెట్టి ఎంతసేపటికీ ఆపలేకపోయాడు. సీసా తెచ్చి చూపిస్తే పచ్చడి పైన తెల్లగా బూజు కట్టి ఉంది. ఎప్పుడూ ఇంతేనని, బూజు పట్టకుండా ఉంటే నాలుగు సీసాలు అమ్ముకునేదాన్నని చిట్టమ్మ అంది. సీసా కడిగి తడి మీదే పచ్చడి ఎత్తావా అని ఆయన అడిగాడు. ఆమె ఔనంది. ఆయన చొక్కా చేతులు మడిచాడు.

ఆ సాయంత్రం చిట్టమ్మ పెరట్లో పెద్ద గిన్నెలో సీసాలు మరిగాయి. మర్నాడు ఎండలో బోర్లించి ఆరేదాకా ముట్టుకోవద్దని, పచ్చడి పైన నూనె తేలాలని, తడి గరిటె పెట్టొద్దని చెప్పి, ఆఖరి బస్సు అందుకున్నాడు. ఇంటికి చేరగానే వెండినీళ్లు సింకులో పోసేసి తీగలు కాశమ్మ చేతిలో పెట్టాడు. ఆమె వాటితో మట్టెలు చేయించుకుంది.

ఇప్పుడు ఆదివారాలు ఆయన భీమిలిలోనే ఉంటాడు. ప్రతి సీసా ఎండకెత్తి చూసి, తేమ కనబడితే పక్కన పెట్టేస్తాడు. పచ్చడి పెట్టిన తేదీ చీటీ మీద తనే రాసి అంటిస్తాడు. హేమశ్రీ పనిచేసేచోట ఆ సీసాలు అడిగి మరీ కొంటున్నారు. పోయిన వారం ఒక సీసా మూత సరిగా ఆరలేదని ఆయన వెనక్కిస్తే, చిట్టమ్మ విసుక్కుని దాన్ని విప్పి వేడన్నంలో కలిపింది. ముగ్గురూ పడవ నీడలో కూర్చుని ఆ సీసా ఖాళీ చేసేశారు.