కాక చేతికి నేనిచ్చిన చోక్

కాక పోయారు. మా వాట్సాప్ గ్రూపులో ఎవరో "టెర్మిన్ దొరికిందా?" అని వీసా అపాయింట్‌మెంట్ గురించి అడిగిన ప్రశ్న కిందే ఆ కబురు వచ్చింది. కరోనా. అంత్యక్రియలకు పదిమందికే అనుమతి. ఆ పదిమందిలో నేను లేను. ఉండే అర్హత నాకుందని కూడా అనను.

జర్మనీలోని క్లాస్తాల్‌లో చదివే తెలుగు విద్యార్థులందరికీ ఆయన కాకే. ముప్పై ఏళ్ళ కిందట కరీంనగర్ నుంచి ఇంజనీరుగా వచ్చారు. వాళ్ళింటి పై గదిలో నేను అద్దెకుండేవాణ్ణి. జర్మన్లకే చెమటలు పట్టించే వేట పరీక్ష పాసైన మహానుభావుడు. తుపాకి గురించి ఆయన్ని కదిపితే ముందున్న అన్నం చల్లారిపోవాల్సిందే.

"గొట్టం పొడుగుంటె గుండ్లు దూరం పోతయనుకుంటరు రా. ఉత్తదే. పొడుగుది సాఫుగ తిరుగుతది, ఎగిరే బాతు ఎంబడి చెయ్యి ఆగకుండ పోతది. గంతే. నాకు డెబ్బై ఒకటి సెంటీమీటర్లు చాలు. అంతకంటె పొడుగుదైతె రెల్లుల తట్టుకుంటది."

"మరి చోక్ సంగతి సెలవియ్యండి, గురువర్యా," అని నేను చేతులు కట్టుకునేవాణ్ణి.

"ఏషాలు బంద్ చెయ్యి. నల్లా పైపు మూతి పిసికితె ధార సన్నగ, దూరం కొడ్తది గద? చోక్ గదే. తుపాకి మూతికి బిగించే చిన్న గొట్టం. బాతు దగ్గరికొస్తదంటె ఇడుపుది పెట్టాలె, గుండ్లు ఎడల్పుగ పోవాలె. ఒక గాటున్నది బిగువుది, నాలుగు గాట్లది ఇడుపుది. యాదుంచుకో."

నేను ఫోన్ చూసుకుంటూ ఘనంగా తలూపాను. గాట్లు ఎక్కువైతే బిగువు ఎక్కువని నా ఇంజనీరింగు బుర్ర తిరగేసి రాసుకుంది.

కరోనా మొదలైన ఏడాది, శరత్కాలంలో ఒక సాయంత్రం చెరువు దగ్గరికి వెళ్ళాం. కాక, ఆయన జర్మన్ వేట మిత్రుడు, ఒక కుక్క, నేను. మాస్కు వల్ల కాక కళ్ళద్దాలకు ఆవిరి పట్టింది. చోకుల డబ్బీ నా చేతికిచ్చి, "ఇడుపుది తీసియ్యి బిడ్డా," అన్నారు. ఒక గాటుది తీసిచ్చాను. ఆయన చూడకుండానే బిగించుకున్నారు.

బాతు బాగా దగ్గరగా వచ్చింది. మొదటి దెబ్బ తప్పింది. రెండోదానికి రెక్క విరిగి రెల్లులో పడింది. చీకటి పడేదాకా వెతికాం. కుక్కకూ దొరకలేదు.

"మనకు వయసైపోయిందోయ్," అని మిత్రుడు భుజం తట్టాడు.

కాక నవ్వలేదు. "నిజమే," అని అతనితో ఒప్పుకుని, నాకు మాత్రం తెలుగులో చెప్పారు. "కన్ను వోయింది, చెయ్యి వోయింది. ఇంక పిట్టలను గోస పెట్టద్దు రా."

ఇంటికొచ్చాక ఆయన విప్పిచ్చిన చోకును డబ్బీలో సర్దుతుంటే మూత లోపలి బొమ్మ కంటబడింది. ఒక గాటు పక్కన సన్నటి ధార, నాలుగు గాట్ల పక్కన విసనకర్రలాంటి ధార. మూత మూసేశాను. వారం తిరగకుండా కాక తుపాకి అమ్మేశారు.

చదువరులారా, తప్పు నాదని చెప్పడానికి బోలెడు రోజులు దొరికాయి. మెట్ల మీద, చాయ్ దగ్గర. చెబితే "గాడిదా!" అని ఒక్కటి పీకి, ఇంకో తుపాకి కొనుక్కునేవారు. ఊరందరి మీదా జోకులేసే నా నోరు ఆయన ముందు తెరిచిన ప్రతిసారీ పరీక్షల గురించీ, మీటె అనే ఇంటద్దె గురించీ మాట్లాడింది. ఆ నెల మీటె ఆలస్యమైనా ఆయన ఏమీ అనలేదు.

లాక్‌డౌన్‌లో ఇద్దరం ఆ చెరువు చుట్టూ నడిచేవాళ్ళం. ఒకరోజు మా అలికిడికి బాతు ఒకటి లేచింది. కాక ఎడమచెయ్యి దానంతటదే పైకి లేచి, లేని తుపాకిని పట్టుకుని, చిన్న వణుకైనా లేకుండా దాని వెంట తిరిగింది. బాతు చెట్ల వెనక్కి పోయింది. నేను చూస్తున్నానని గమనించి, ఆయన ఆ చేతిని కోటు జేబులో పెట్టుకున్నారు.