బట్లహళ్ళి జి. కొత్త పేపర్

నిన్న చిక్కబళ్ళాపుర బస్టాండులో ఉండగా ఫోన్ వచ్చింది.

"గంగాధర్ సార్ పోయినారంట. హార్ట్ ఎటాక్."

ఏ గంగాధర్ సార్ అని అడిగాను. తెలిసే అడిగాను.

చింతామణి కాలేజీలో నాకు పాఠాలు చెప్పిన సార్. మా బట్లహళ్ళి మనిషి. క్లాసులో సార్, ఊర్లో అన్న.

మా ఇంట్లో చదువుకున్న మొదటిదాన్ని నేను. రీసెర్చ్ చెయ్యమని నన్ను తోసింది ఆయనే.

పట్టుపురుగుల జబ్బు మీద నా మొదటి పేపర్ అచ్చయినప్పుడు ఇంటికొచ్చి, సైటేషన్ అంటే ఏమిటో మా అమ్మకు చెప్పారు.

"ఫలానా గీత ఇట్ల చెప్పింది అని వేరేవాళ్ళు రాస్తారమ్మా. ఎంతమంది రాస్తే అంత గొప్ప."

"అందరూ మా పిల్ల గురించే మాట్లాడుకుంటారా అప్పా? ఇంకా పెళ్ళి కావాల్సిన పిల్ల!"

అన్న నవ్వీ నవ్వీ చేతిలో కాఫీ ఒలకబోసుకున్నారు.

తీరా చూస్తే, ఎవరి పేపర్లు ఎన్నో లెక్క చూపించే డేటాబేస్‌లో ఆ పేపర్ నా పేరు మీద లేదు.

మా వైపు చాలామందిమి పేరు ముందు ఊరి పేరే పెట్టుకుంటాం. డేటాబేస్ దాన్నే ఇంటిపేరు అనుకుంది. గంగాధర్, గీత, ఇద్దరం "బట్లహళ్ళి జి." అయిపోయాం. నా పేపర్ ఆయన ప్రొఫైల్‌లో చేరిపోయింది.

అది నా పేరు కింద కనిపిస్తే తప్ప థీసిస్ తీసుకోరు. పోయిన వారం ఏడుస్తూ అన్నకు ఫోన్ చేశాను.

"యాడికీ పోలేదులేమ్మా, మనూర్లోనే ఉండాది. నీ పుణ్యాన నా లెక్క పెరిగి, ప్రిన్సిపాల్ కూడా నమస్కారం పెడతాండారు. సోమవారం నేనే మెయిల్ రాసి విడదీయిస్తాలే."

ఈ రోజే ఆ సోమవారం.

ఆయన పేపర్ ఏది వచ్చినా తెలియాలని ఎప్పుడో అలర్ట్ పెట్టుకున్నాను.

పొద్దున అంత్యక్రియల నుంచి ఇంటికి వచ్చి కూర్చున్నాక ఫోన్‌లో ఆ అలర్ట్ మోగింది.

"బట్లహళ్ళి జి. కొత్త పేపర్ వచ్చింది."



ఒక్క క్షణం, ఉన్నారనే అనుకున్నాను.

తెరిచి చూస్తే, నా రెండో పేపర్.

విడదీయమని ఇప్పుడు నేనే రాయాలి. ఆ మనిషి నేను కాదని రాయాలి. ఆ మనిషి ఇక లేరని రాయాలి.

మొదటి వాక్యం రాశాను. రెండోది రాయకుండా మెయిల్ మూసేశాను.

ఎక్కడో ఎవరో ఆయన్ని సైట్ చేస్తూనే ఉంటారు. ఆ పేజీలో అంకె మారుతూనే ఉంటుంది. ఆయనకే తెలియదు.

రాస్తాను, అన్నా. థీసిస్ ఆగితే తిట్టేది మీరే.

ఈ ఒక్క రోజు మాత్రం ఒకే పేరు కింద ఉందాం.

నిమ్మళంగా నిద్రపోండన్నా.