మాష్టారి తడిగుడ్డ

మా వీధి చివర ఉండే రిటైర్డ్ లెక్కల మాష్టారికి లోకంలో ఒక్కటే మందు, నీళ్ళు. తలనొప్పికి పాదాలు వేణ్ణీళ్ళలో పెట్టించేవారు. మలబద్ధకానికి తొట్టిస్నానం, జ్వరానికి తడిగుడ్డ. బోరు నీళ్ళు వైద్యానికి పనికిరావట. వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేస్తారనగా, ముందే కాలువ నీళ్ళు మోయించి గోలేల నిండా దాచేవారు. వెనకాల నవ్వేవాళ్ళు కూడా, ఒళ్ళు వెచ్చబడితే తెల్లారేసరికి ఆయన అరుగు మీదే ఉండేవారు. ఎవరికి గుడ్డ వేసినా ముందు దాన్ని పిండి, తన చెంపకి ఆనించుకుని, "ఇప్పుడు వెయ్యొచ్చండి" అనేవారు.

మా అమ్మ జ్వరానికి మూడు రోజులు అలాగే వేశారు. నాలుగో రోజు అమ్మ నన్ను గుర్తుపట్టలేదు. ఆయన మీద నాకు పట్టలేనంత కోపం వచ్చింది. నేను నోరు తెరిచేలోగా ఆయనే ఆటో తెచ్చారు.

"ఇది నా నీళ్ళకి లొంగేది కాదండి, పదండి."

ఆసుపత్రిలో టైఫాయిడ్ అన్నారు, సెలైన్ పెట్టారు. మందు పనిచేసేదాకా నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ ఉండమని నర్సు నా చేతికి నీళ్ళ గిన్నె ఇచ్చింది. మాష్టారు గుమ్మం దగ్గరే నిలబడిపోయి ఉన్నారు. గిన్నె తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. అవి బోరు నీళ్ళా అని కూడా అడగలేదు. గుడ్డ ముంచి, పిండి, చెంపకి ఆనించుకున్నారు. తర్వాత నర్సు వైపు తిరిగి, మెల్లగా అడిగారు.

"వెయ్యొచ్చాండి?"