నలభై మార్కుల తేడా

ఈ బరువు దించుకోవడానికి ఎవరూ దొరక్క మీ దగ్గరికి వచ్చాను. మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. యాభై ఏళ్లకు పైగా నా భార్యకు కూడా చెప్పనిది మీకు చెబుతున్నాను. పేరు మాత్రం అడగకండి.

పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలో హైదరాబాదు నారాయణగూడలో ఒక ఆఫీసులో పనిచేసేవాణ్ని. పరీక్షల మార్కులను అట్టకార్డుల మీద చిల్లులుగా పొడిచి, మెషీన్‌లో వేసి ఫలితాలు తీసేవాళ్లం. ఒక్క చిల్లు పక్కకు పడితే మార్కు మారిపోతుంది. అందుకని ఒక కట్టుబాటు ఉండేది. కార్డులు పొడవకముందే ఒక్కో కట్టలోని మార్కులన్నీ నేను మార్కుల పట్టీ చూసి కూడి, మొత్తం ఒక చీటీ మీద రాసి సంతకం పెట్టాలి. తర్వాత మెషీన్ కార్డుల్ని చదివి తన మొత్తం చెబుతుంది. రెండూ కలిస్తే కట్ట ముందుకు వెళుతుంది. కలవకపోతే ఎర్రదారం కట్టి ఆపేసి, కార్డు కార్డూ పట్టీతో సరిచూడాలి. దానికి ఒక పూట పడుతుంది.

ఆ ఏడాది ఊళ్లో ప్రత్యేక తెలంగాణ గొడవలు. పరీక్షలు వెనకబడ్డాయి, ఫలితాలు ఇంకా వెనకబడ్డాయి. ఒక మధ్యాహ్నం బస్సులు ఆగిపోతాయన్నారు. నేనుండే చిక్కడపల్లి ఎంత దూరం, నడిచే పోవచ్చు. కానీ కోస్తా నుంచి వచ్చినవాణ్ని, నోరు విప్పితే యాస పట్టిస్తుంది. భయం వేసింది. ఆఖరి కట్ట మిగిలింది. మెషీన్ చెప్పిన మొత్తం నా చీటీలో ఉన్నదానికన్నా నలభై తక్కువ.

నా కూడికే తప్పయి ఉంటుందనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అనుకుంటే మళ్లీ ఎందుకు కూడలేదు? నా కట్ట ఒక్కటీ ఆగలేదని అందరితో చెప్పుకు తిరిగేవాణ్ని, అది కూడా అడ్డొచ్చిందేమో. చీటీ చింపేశాను. మెషీన్ చెప్పిన అంకెనే కొత్త చీటీ మీద రాసి సంతకం పెట్టాను. రెండూ కలిశాయి. కలవక ఏం చేస్తాయి? కంచే చేను మేసింది.

ఫలితాలు వచ్చిన మూడోరోజు నర్సింహులు వచ్చాడు. మా ఆఫీసు మీద కొత్త అంతస్తు కడుతున్న తాపీ మేస్త్రి. పాలమూరు నుంచి వచ్చి అశోక్‌నగర్ వెనక బస్తీలో ఉండేవాడు. కూతురు బాలమణి మెట్రిక్ రాసింది.

“సారూ, మా పిల్ల లెక్కల్ల తప్పిందట. ముప్పై రెండే వచ్చినయట. ఎన్నడు తప్పలే సారు. పాసైతె నర్సు ట్రైనింగుల తీస్కుంటమన్నరు. జర చూడుండ్రి.”

ముప్పై రెండుకు నలభై కలిపి చూసుకున్నాను.

“మెషీన్ చేసిన లెక్క నర్సింహులూ, తప్పు రాదు,” అన్నాను.

“గట్లనా సారు. సదువుకున్నోల్లు, మీకెర్కే గద.” తలగుడ్డ సర్దుకుని, మెట్లెక్కి పనికి పోయాడు.

అతను పోయాక పట్టీ తీశాను. బాలమణి నంబరు ఎదురుగా డెబ్బై రెండు. కార్డులో ఏడు మీద పడాల్సిన చిల్లు మూడు మీద పడింది. పై అధికారి గది పది అడుగుల దూరం. లేచాను కూడా. చీటీ ఎవరు మార్చారని అడుగుతాడు, ఉద్యోగం పోతుంది. మళ్లీ కూర్చున్నాను.

గొడవల రోజున భయపడ్డానంటే ఎవరైనా నమ్ముతారు. మన్నిస్తారేమో కూడా. కానీ పట్టీ తీసిన రోజు నన్నెవరూ తరమలేదు. పట్టపగలు, తీరిగ్గా, ఫ్యాను కింద కూర్చుని చేసిన పని ఇది. సిగ్గుతో చచ్చిపోయేది దీనికే.

వారం తిరగకుండా బాలమణి మా పై అంతస్తుకే ఇసుక మోయడానికి వచ్చింది. తట్ట నెత్తిన పెట్టుకుని నా బల్ల పక్క నుంచే మెట్లెక్కేది. కనబడినప్పుడల్లా “నమస్తే సార్” అనేది. నేను కాగితాల్లోకి తల దించుకునేవాణ్ని.

ఇప్పుడెక్కడుందో తెలియదు. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. లెక్కల్లో తప్పాను, అందుకే చదువు ఆగిపోయిందని తన పిల్లలకు చెప్పే ఉంటుంది. మనవలకూ చెప్పి ఉంటుంది. నమ్మే చెప్పి ఉంటుంది.

బాలమణి పాసయింది. ఈ మాట నేను పైకి అనడం ఇదే మొదటిసారి.