కొట్టేసిన మూడు అంకెలు

మా సార్ దగ్గర ఎం.టెక్ ప్రాజెక్టు చేసినవాళ్ళందరికీ ఆయన చాదస్తం ఒకటి అంటుకుంది. ఫీల్డు నోట్‌బుక్‌లో పెన్నుతోనే రాస్తాం. అంకె తప్పయితే దాని మీద ఒక్క గీత గీసి, పక్కన సంతకం పెడతాం. కొట్టేసిన అంకె కూడా కనపడాలి. "తప్పు జేస్తే జేసినవ్, దాచిపెట్టకు" అనేవారు. మిగతా విద్యార్థులు మా పుస్తకాలు చూసి నవ్వేవారు. అదే సార్, మేం ఫీల్డుకు బయల్దేరుతుంటే అన్నం డబ్బా ఉందా అని అడిగి, లేదంటే తన డబ్బా మా చేతిలో పెట్టేవారు. అలాంటి మనిషిని నేను మోసం చేశాను.

నా పని జూలూరుపాడు దాటాక అడవిలో ఉన్న ఒక వాగు మీద. అవతలి ఒడ్డున చిన్న గూడెం. వంతెన లేదు. బడికైనా దవాఖానాకైనా వాగులో నడిచే రావాలి, లేదంటే అడవి బాటన ఎంతో చుట్టు తిరగాలి. నీళ్ళు ఎంత ఎత్తు వరకు ఉంటే మనిషి నిలదొక్కుకుని దాటగలడో తేల్చి, ఒడ్డున ఉన్న సిమెంటు స్తంభం మీద ఎర్ర గీత గీయాలి. నీళ్ళు గీత కిందుంటే దాటొచ్చు, తాకితే ఆగాలి. అందుకని వానాకాలమంతా నేను మా ఇల్లున్న ఖానాపురం హవేలి నుంచి బస్సు, ఆటో మారి, మిగతా దూరం నడిచి వెళ్ళేదాన్ని. చెక్కముక్కను నీళ్ళలో వదిలి, పాతిన రెండు గుంజల మధ్య ఎన్ని సెకన్లలో పోయిందో చూసి వేగం లెక్కగట్టేదాన్ని.

ఒకరోజు ముసురులో ఒడ్డు నా కాలి కింద విరిగింది. గడ్డి దుబ్బు చేతికి దొరకబట్టి బతికాను. చెప్పు ఒకటి నీళ్ళలో పడి, నేను చూస్తుండగానే మాయమైంది. తర్వాత మూడు రోజులు వాన ఆగలేదు, నేను ఇల్లు కదలలేదు. వాగు నిండుగా పారిన ఆ మూడు రోజుల రీడింగులే మాకు అసలు కావలసినవి. గూడెం పెద్దాయనకు ఫోన్ చేసి, నీళ్ళు స్తంభం మీద ఎంతవరకు వచ్చాయో అడిగి రాసుకున్నాను. వేగం మాత్రం మంచం మీద కూర్చుని, పాత అంకెలకు కాస్త కాస్త కలిపి రాశాను. ఆ పేజీలో ఒక్క కొట్టివేత లేదు.

"మంచిగ చేసినవ్ తల్లీ" అన్నారు సార్. ఆ అంకెలతోనే ఎర్ర గీత గీశాం.

అప్పట్నుంచి మబ్బు పడితే చాలు, నాకు ఆ మూడు అంకెలే గుర్తొచ్చేవి. సార్ పిలిస్తే తెలిసిపోయిందనే అనుకునేదాన్ని. చెప్పేద్దామని నాలుగైదుసార్లు ఆయన గదికి వెళ్ళాను. "తిన్నవా అమ్మా?" అనేవారు. తిన్నాను సార్ అని వెనక్కి వచ్చేదాన్ని. సిగ్గుచేటైన సంగతేమిటంటే, ఆ నీళ్ళలో ఎవరికేమవుతుందో అన్న భయం కంటే సార్‌కు తెలుస్తుందేమోనన్న భయమే నాకు ఎక్కువగా ఉండేది.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం, జోరు వానలో, నేను గదిలో ఉండగానే సార్‌కు గూడెం పెద్దాయన ఫోన్ చేశాడు. సార్ స్పీకర్ పెట్టారు.

"సారూ, మా కోడలికి నొప్పులొస్తున్నయ్. నీళ్ళు గీతకు బెత్తెడు కిందున్నయ్. మంచం మీద మోసుకొని దాటిస్తం. దాటొచ్చునా?"

సార్ నావైపు తిరిగారు. "రీడింగులు తీసింది నువ్వే గదమ్మా. ఏమంటవ్?"

అవతల వాన చప్పుడు వినిపిస్తోంది. నా చెప్పు కొట్టుకుపోయిన తీరు కళ్ళ ముందు కదిలింది.

"వద్దు సార్. దిగొద్దని చెప్పండి. ఆ మూడు రోజులు నేను పోలే. భయమయ్యింది. ఇంట్ల కూసొని రాసిన."

సార్ నావైపు చూడను కూడా లేదు. "ఎవ్వరూ నీళ్ళల్ల దిగకుండ్రి. గీత తప్పు. ట్రాక్టర్ మీద అడవి బాట పట్టి పాల్వంచ రోడ్డెక్కుండ్రి. అంబులెన్స్ అక్కడికొస్తది" అన్నారు. ఆ బాట ఎంత చుట్టో, ఎంత గతుకులో నాకు తెలుసు. సాయంత్రం దాకా ఆ గదిలోనే కూర్చున్నాం. ఆయన కళ్ళు ఫోన్ మీదే ఉన్నాయి. తిట్టినా బాగుండేది.

ఆడపిల్ల పుట్టిందని, ఇద్దరూ క్షేమమని ఫోన్ వచ్చాక సార్ నోట్‌బుక్ తెరిచారు. "కొట్టెయ్యి" అన్నారు. మూడు అంకెల మీదా గీత గీసి సంతకం పెట్టాను. కింద ఆయన కూడా సంతకం పెట్టారు.

"కొట్టివేత లేని పేజీ జూసి మురిసిన. నేనడగాల్సుండె, అడగలే" అన్నారు. నోట్‌బుక్ మూసి, "భయమై పోలేదని రాస్తే అది గూడ రీడింగే గదమ్మా. నువ్వు భయపడ్డ కాడ్నే గీత గీసేటోళ్ళం" అన్నారు. అప్పుడు ఏడ్చాను.

మర్నాడు ఇద్దరం వాగుకు వెళ్ళాం. నా నడుముకు తాడు కట్టి, రెండో కొస సార్ పట్టుకున్నారు. చెక్కముక్క వదిలి చూస్తే, నేను రాసిన వేగానికి రెట్టింపుంది. వాన తెరిపిచ్చి నీళ్ళు తగ్గాక మూరెడు కిందికి కొత్త గీత గీసి, పాతదాని మీద సున్నం పూస్తున్నాను. గూడెం పెద్దాయన వాగు దాటివచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"నెల సంది పోరగాళ్ళను ఆ పై గీత జూసే బడికి తోలుతున్నం బిడ్డా" అన్నాడు. "మా ఆడోళ్ళు భయమైతందంటే నేనే తిట్టిన, సదువుకున్న పిల్ల గీసిన గీత, భయమేందని."