వారానికొక పాఠం

యూనిఫాంలు కుట్టే ఆ కార్ఖానాలో ఆమెను అందరూ కత్తెరమ్మ అనేవారు. పొరలు పొరలుగా పేర్చిన బట్టను గీత తప్పకుండా కోసేది. కాని గీత గీసేది ఆమె కాదు. అద్దాల గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని చొక్కా నమూనాలు గీసే పెద్దాయన. ఆయన వచ్చే ఏడాది పని మానేస్తున్నాడని, గీయడం వచ్చినవాళ్లకే ఆ కుర్చీ ఇస్తామని మేనేజరు చెప్పాడు. పొద్దస్తమానం నిలబడి కాళ్లు దుంగల్లా వాచే మనిషికి, జీతం సంగతి తర్వాత, ముందు కుర్చీ అన్న మాటే రుచించింది.

ఆ గీయడం ఫోనులో పాఠాలుగా చెప్పే కంపెనీకి ఏడాది చందా కట్టింది. చెవిపోగులకని దాచిన డబ్బు.

"ఇంత పోసి కొన్నావు, గబగబా చూసేస్తే అయిపోవూ?" అంది అత్తగారు. "వారానికొకటి చూడు."

అత్తగారి చేతిలో సబ్బు రేకులా అరిగేదాకా వచ్చేది. పాఠమూ అలాగే రావాలి. కోడలికీ సబబుగానే తోచింది. ప్రతి ఆదివారం వంటిల్లు సర్దాక ఇద్దరూ గోడకు ఆనుకుని ఒక్క పాఠం చూసేవాళ్లు. కాలరు, జేబు, గుండీపట్టీ.

"ఈ పంతులు ఎప్పుడూ అదే చొక్కా తొడుగుతాడేమే? ఇంతమందికి నేర్పి తనకొకటి కుట్టుకోలేడూ?" అనేది అత్తగారు.

తర్వాత అత్తగారు మంచం పట్టింది. కొన్ని నెలలు ఆస్పత్రికీ ఇంటికీ తిరిగారు. ఆ తర్వాత తిరిగే పని లేకుండా పోయింది. ఈ సంగతి కంపెనీకి తెలియదు. "మీరు చదువు ఆపేశారు, మీ కల ఎదురుచూస్తోంది" అని రోజూ కబురు పంపేది.

కత్తెరమ్మ మళ్లీ ఫోను తెరిచేసరికి పాఠాలన్నిటి మీదా తాళం బొమ్మ ఉంది. కంపెనీకి ఫోను చేసింది.

"సగమే చూశానమ్మా. మిగతావాటి మీద చెయ్యి కూడా వెయ్యలేదు."

"మీ గడువు అయిపోయింది మేడమ్."

"మధ్యలో మా అత్తగారు పోయారు. ఆ నెలలు తీసేసి లెక్కెయ్యకూడదూ?"

"అయ్యో... సారీ మేడమ్. దానికి ఆప్షన్ లేదు. మళ్లీ కడితే అన్నీ తెరుచుకుంటాయి."

కట్టాల్సింది మొదటిదానికి రెట్టింపు. అప్పటిది కొత్తవాళ్లకిచ్చే తగ్గింపట.

"అయితే నేను కొన్నది పాఠాలు కావా?"

"కావు మేడమ్. ఏడాదిపాటు చూసే వీలు."

"అద్దె అని ముందే చెప్పొచ్చు కదమ్మా. అద్దె గిన్నెలు తెచ్చి ఎవరైనా అటక మీద దాచుకుంటారా?"

ఆస్పత్రి అప్పు ఇంకా తీరలేదు. ఆమె మళ్లీ కట్టలేదు.

కుర్చీ కోసం పెట్టిన పరీక్షలో మేనేజరు పొడుగు చేతుల చొక్కా గీయమన్నాడు. కత్తెరమ్మ కాలరు, జేబు, గుండీపట్టీ శుభ్రంగా గీసి మౌసు వదిలేసింది.

"చేతులేవీ?"

"అక్కడిదాకా రాలేదండీ."

కుర్చీ గుండీలు కుట్టే అమ్మాయికి వచ్చింది. మర్నాడు భోజనాల వేళ కత్తెరమ్మ అద్దాల గదికి వెళ్లింది.

"ఎక్కడ నేర్చుకున్నావే?"

అదే కంపెనీ.

"ఎంత కట్టావు?"

"ఏం కట్టలేదు వదినా. మొదటి వారం ఉచితం కదా. సెలవు పెట్టి, కూర్చుని అన్నీ చూసేసి, వారం తిరిగేలోపు రద్దు చేసేశా."

ఆ ఉచిత వారం కత్తెరమ్మకూ ఇచ్చారు. ఆ వారం ఆమె ఒక పాఠం చూసింది.

"సెలవుకి జీతం కోశారా?"

"కోశారు."

"అదీ!" అంది కత్తెరమ్మ, కాస్త తెరిపిన పడి.

"రా వదినా, ఇలా కూర్చో. చేతులు నేను చెప్తాగా," అంటూ ఆ అమ్మాయి పక్కనున్న స్టూలు లాగింది.

కత్తెరమ్మ కూర్చోలేదు. "ముందే చెప్పు. ఎంత తీసుకుంటావు? నెలకా, పాఠానికా? మధ్యలో ఇంట్లో ఎవరికైనా బాగోకపోతే ఆ రోజులు లెక్కలోకి వస్తాయా?"

"భలేదానివి వదినా!" అని పకపకా నవ్వింది.

కత్తెరమ్మ నవ్వలేదు. జవాబు కోసం చూస్తూ అలాగే నిలబడింది.

"రావు," అంది ఆ అమ్మాయి చివరికి, నవ్వు ఆపి.

అప్పుడు కూర్చుంది.