లారీల మధ్య నడక

మా పక్కవాటా వాళ్ళు అప్పుడప్పుడూ ఉలవలు ఉడకబెడతారు. ఇవాళ పొద్దున్న పిల్లలకు క్యారేజీలు సర్దుతుంటే ఆ వాసన వంటింటి కిటికీలోంచి లోపలికి వచ్చింది. తడిమట్టిలా బరువుగా, అడుగున కాస్త తీపిగా ఉండే వాసన. అది కొందరికి పశువుల కొట్టాన్ని గుర్తుచేస్తుందట. నాకు మాత్రం జగ్గయ్యపేటలో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు, అందులో స్టీలు డబ్బా మూత తీస్తూ "రా అమ్మాయ్, ముందు ఈ గుగ్గిళ్ళు నమిలి, ఆ తర్వాత అన్నం జోలికెళ్ళు" అనే భ్రమరాంబ గారు గుర్తుకొస్తారు. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మా చిన్నది "అమ్మా, ఆటో వచ్చేసింది" అని అరిస్తే గానీ తెలివి రాలేదు.

భ్రమరాంబ గారు మా ఆఫీసుకు మేనేజరు. ముక్త్యాల వైపు నుంచి సిమెంటు లోడెత్తుకొచ్చే లారీలకు బిల్లులు రాసి, ఏ బండి ఏ ఊరికి పోవాలో చెప్పే ఆఫీసు మాది. ఆవిడ భర్త అక్కడ గుమాస్తాగా పనిచేస్తూ పోయాడు. ఆ కుర్చీలో ఈవిడను కూర్చోబెట్టారు. ఆడమనిషి లారీ డ్రైవర్లతో ఏం వేగుతుంది అనుకున్నవాళ్ళే తర్వాత ఆవిడను మేనేజరును చేశారు. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. ఎంత పొగరుబోతు డ్రైవరైనా మడిచికట్టిన లుంగీ కిందికి దించుకుని మరీ ఆవిడ బల్ల ముందుకు వచ్చేవాడు. ఆవిడ ఎవరినీ తిట్టగా నేను చూడలేదు. "ఏం నాయనా, రాత్రి నిద్రపోయావా లేదా? కళ్ళు చూడు ఎలా ఉన్నాయో. నీకు ఇప్పుడు బండివ్వను, పోయి పడుకో" అని మాత్రం అనడం చాలాసార్లు విన్నాను.

ఇద్దరిదీ నందిగామే. పొద్దున్నే ఒకే బస్సెక్కి వెళ్ళేవాళ్ళం, చీకటి పడ్డాక ఒకే బస్సులో వచ్చేవాళ్ళం. మధ్యలో ఉన్నదంతా కుర్చీయే. కంప్యూటరు ముందు కూర్చుంటే మళ్ళీ మధ్యాహ్నం భోజనానికి లేవడం, అదీ పక్కగదిలోకి. డ్రైవర్లు ప్రేమకొద్దీ తెచ్చే మిరపకాయ బజ్జీలు, గంటకో టీ. రెండో కాన్పు తర్వాత పెరిగిన ఒళ్ళు ఆ కుర్చీలో ఇంకా పెరిగింది. మెట్లెక్కితే మోకాళ్ళు పట్టేసేవి. ఒకరోజు నందిగామలో డాక్టరు నా రక్తపరీక్ష చూసి, "షుగరు గుమ్మం దాకా వచ్చిందమ్మా. ఒళ్ళు తగ్గించావా, అటే వెనక్కి పోద్ది. లేదంటే లోపలికొచ్చి కూర్చుంటది" అన్నాడు. మా నాన్న కాలు తీసేసింది ఈ షుగరు వల్లే. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

కానీ తగ్గడం ఎలా? జిమ్ముకు కట్టే స్తోమత లేదు. మావారిది ఎరువుల కొట్లో పని, నా జీతం పిల్లల చదువులకే సరిపోయేది. నడవడానికి పొద్దున్న టైము లేదు, సాయంత్రం ఓపిక లేదు. సరిగ్గా అప్పుడే ఒకావిడ ఆఫీసుకు వచ్చి, పాలల్లో కలుపుకుని తాగితే ఒళ్ళు కరిగిపోతుందని ఒక పొడి డబ్బా చూపించింది. చీటీ పాడుకుని అయినా సరే కొందామనుకుని పేరు రాయించబోతున్నాను. తన బల్ల దగ్గరి నుంచే భ్రమరాంబ గారు అడిగారు.

"ఇది తాగితే అన్నం తినక్కర్లేదా అమ్మా?"

"రాత్రిపూట మానెయ్యాలండి. ఇదే భోజనం."

"అన్నం మానేస్తే ఉత్త మంచినీళ్ళు తాగినా తగ్గుతాం కదా. దీనివల్ల తగ్గేది మా సుజాత పర్సే." ఆవిడను నవ్వుతూనే సాగనంపి, నా వైపు తిరిగారు. "ఏమైంది నీకు?"

డాక్టరు మాట చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆవిడ ఓదార్చలేదు. కిటికీలోంచి బయటకు చూపించారు. లోడు కోసం వరసగా నిలబెట్టిన లారీల మధ్య ఇద్దరు నడిచేంత దారి ఉంది. "అంత పెద్ద యార్డు పెట్టుకుని నడవడానికి చోటు లేదంటావేంటి? భోజనం అయ్యాక ఈ కుర్చీల్లో కునికిపాట్లు పడే టైమంతా మనదే. రేపట్నుంచి నేనూ వస్తా. నాకూ తగ్గాలనే ఉంది, చిన్నప్పట్నుంచీ."

అలా మొదలైంది మా నడక. ఎండకు లారీల నీడ పట్టుకుని, సిమెంటు దుమ్ముకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తిరిగేవాళ్ళం. బండి కింద చాపేసుకుని పడుకున్న డ్రైవర్లు మొదట్లో వింతగా చూశారు. "ఏంటి మేడం, బళ్ళు లెక్కపెడతన్నారా?" అని ఒకడు అడిగితే, "మీ టైర్లలో గాలుందో లేదో చూస్తన్నాం, పడుకో" అన్నారావిడ. ఫోనొస్తే నిలబడి మాట్లాడాలన్నారు. మా ఆఫీసులో ఫోను ఆగేది కాదు, కాబట్టి సగం రోజు నిలబడే గడిచేది. టీలో పంచదార మాన్పించారు. బజ్జీలు తెచ్చిన డ్రైవరును "ఈసారి జామకాయలు పట్రా" అన్నారు. ఇంట్లో ఖర్చు పెరగకుండానే నా కంచం మార్చేశారు. "అన్నం తగ్గించు, కూర పెంచు. తోటకూర, బీరకాయ, దోసకాయ, చవగ్గా ఏది దొరికితే అదే. నీకు వేరే వండుకోకు, ఇంటిల్లిపాదీ అదే తినండి. వేరే వంటైతే నాలుగు రోజులకి విసుగొచ్చి మానేస్తావ్." ఆవిడ చెప్పిన వాటిలో నేను ఎక్కడా విననిది ఒక్కటీ లేదు. అయితే అంతకుముందు నాకు చెప్పినవాళ్ళెవరూ నాతోపాటు నడవలేదు.

నడుస్తున్నప్పుడే ఆవిడ తన సంగతులు చెప్పేవారు. బడిలో పిల్లలు పెట్టిన పేర్లు, పెళ్ళికి కుట్టించిన జాకెట్టు సరిపోక పీటల మీద ఊపిరి బిగబట్టి కూర్చోవడం. అన్నీ నవ్వుతూనే. ఒక్క మాట మాత్రం నవ్వకుండా చెప్పారు. "బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోరు, చూశావా? ముగ్గురి సీటే. నువ్వూ నేనూ కూర్చుంటే మూడోవాళ్ళు వచ్చి, చూసి, ముందుకెళ్ళి నిలబడతారు. మొన్నొక ముసలామె అలాగే నిలబడింది. నేను లేస్తానన్నా కూర్చోలేదు. ఆ రోజు ఇంటికెళ్ళాక ఎందుకో చాలా బాధనిపించింది."

నేను మెల్లగా తగ్గసాగాను. మోకాళ్ళ నొప్పి ముందుగా పోయింది. భ్రమరాంబ గారు మాత్రం నాకంటే త్వరగా తగ్గారు. చలికాలం వచ్చేసరికి జాకెట్లన్నీ వదులైపోయాయి. మెడ సన్నబడింది, మొహంలో ఎముకలు కనబడసాగాయి. అందరికీ అదొక పండగ అయిపోయింది. యజమాని వచ్చి "ఏంటండీ, గుర్తుపట్టలేకపోయా" అన్నాడు. హైదరాబాదు నుంచి తిరిగొచ్చిన డ్రైవరొకడు, "మేడం గారూ, మా ఆవిడకి కూడా చెప్పండి ఆ కిటుకేదో" అని బతిమాలాడు. ఆవిడ సిగ్గుపడ్డారు. ఆ మనిషి సిగ్గుపడటం నేను చూడటం అదే మొదటిసారి. "ఏముంది నాయనా, నడకే" అన్నారు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం బస్సులో మా సీటు చివర కాస్త చోటు కనబడి, చంటిపిల్లతో ఉన్న ఒకామె "కొంచెం జరగండి" అని వచ్చి కూర్చుంది. భ్రమరాంబ గారు నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కారు. నందిగామ వచ్చేదాకా వదల్లేదు. ఆ చంటిదాన్ని ఒళ్ళోకి తీసుకుని, కిటికీలోంచి వెళ్ళిపోతున్న పొలాలు చూపిస్తూ ఏవేవో కబుర్లు చెప్పారు. దిగాక, "ముగ్గురం సరిపోయాం సుజాతా" అన్నారు. ఇప్పటికీ నాకు ఆవిడ మొహం అనగానే ఆ సాయంత్రపు మొహమే.

అప్పటికే ఆవిడ డబ్బాలో అన్నం సగం మిగిలిపోతోంది. "నువ్వు తిను. నాకు ఆకలి చచ్చిపోయింది. నోరు కట్టేసుకోవడం అలవాటైపోయింది" అనేవారు. అది ఆవిడ పట్టుదల అనుకున్నాం. నడుము నొప్పంటే కుర్చీ వల్ల అనుకున్నాం. ఒకరోజు నడుస్తూ నడుస్తూ సగం దారిలో ఆగి, లారీ మెట్టు మీద కూర్చుండిపోయారు. "ఏంటో కళ్ళు తిరుగుతున్నాయి. కొంచెం నీరసం, అంతే. ఒళ్ళు తగ్గేటప్పుడు ఉంటదిలే" అన్నారు. అదీ నమ్మాను. ఆవిడ చెప్పిందంతా నా ఒంట్లో నిజమవుతూ వచ్చింది కదా, ఇది మాత్రం ఎందుకు కాకూడదు?

వేసవి మొదట్లో ఆఫీసులోనే వాంతి చేసుకున్నారు. అందులో రక్తం కనబడింది. విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నేను చూడటానికి వెళ్ళేసరికి ఆవిడ అక్క వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. భ్రమరాంబ గారి భర్త పోయినప్పటి నుంచి అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కడుపులో కాన్సరట, చాలా ముదిరిందట అని చెప్పింది. "తిండి తినటం లేదు, డాక్టరుకి చూపిద్దాం రావే అని శీతాకాలం నుంచీ పోరుతూనే ఉన్నానమ్మా. ఆఫీసులో అందరూ బాగున్నావంటన్నారు, నీకే నేను బాగోలేనట్టు కనబడతన్నానా అని నవ్వేసేది" అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. జరిగింది చెప్పింది, అంతే. ఆవిడ నిష్ఠూరమాడినా బాగుండేదనిపించింది.

లోపల మంచం మీద భ్రమరాంబ గారు చిన్నపిల్లలా ఉన్నారు. నన్ను చూడగానే ముందు అడిగింది ఆఫీసు సంగతి. తర్వాత, "నడుస్తున్నావా?" అన్నారు. నడుస్తున్నానన్నాను. ఆవిడ మెల్లగా అడిగారు.

"సుజాతా, నేను నిజంగా నడిచే తగ్గాననుకున్నా. అంతా ఈ రోగమేనంటావా? కొంతైనా నడకది అయ్యుంటది కదూ?"

"కొంతేంటి మేడం, మొదట్లో తగ్గిందంతా నడకదే. నేను పక్కనే ఉన్నాగా" అన్నాను.

"అయితే చాల్లే" అని కళ్ళు మూసుకున్నారు.

అది నిజమో కాదో నాకు తెలియదు. ఏ డాక్టరునూ అడగలేదు. వానలు పడకముందే ఆవిడ పోయారు. నందిగామలో ఆ ఇంటి ముందు వీధంతా లారీ డ్రైవర్లే. పాడె ఎత్తేటప్పుడు ఒక డ్రైవరు "అమ్మగారు ఇంత తేలికైపోయారేంట్రా" అని గట్టిగా ఏడ్చాడు.

ఆ తర్వాత చాలాకాలం నేను యార్డులోకి అడుగుపెట్టలేకపోయాను. తగ్గిన ఒళ్ళు మళ్ళీ వచ్చింది, మోకాళ్ళు మళ్ళీ పట్టేశాయి. నడవాలంటే భయం కాదు, అద్దంలో సన్నబడ్డ నా మొహం చూసుకోవాలంటే భయం. డాక్టరు ఈసారి కోప్పడ్డాడు. "నువ్వు ఆపకు" అని భ్రమరాంబ గారు నోటితో అనలేదు గానీ, మంచం మీద నుంచి నా గురించి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "నడుస్తున్నావా?" అనేనని గుర్తొచ్చి, ఒక మధ్యాహ్నం ఒక్కదాన్నే మళ్ళీ మొదలుపెట్టాను. షుగరు ఇప్పటికీ గుమ్మం బయటే ఉంది. ఎవరైనా "బాగా తగ్గావు" అంటే మాత్రం సంతోషం రాదు.

ఈమధ్య మా ఆఫీసులో బిల్లుల పనికి మౌనిక అనే అమ్మాయి చేరింది. చందర్లపాడు నుంచి వస్తుంది. కొన్నాళ్ళుగా చిక్కిపోతూ ఉంది. మిగతావాళ్ళు "భలే సన్నబడ్డావే, ఏం చేస్తున్నావ్?" అంటుంటే ఆ పిల్ల మురిసిపోతోంది. నేను మాత్రం భోజనాల దగ్గర పక్కన కూర్చుని, "ఆకలి ఎలా ఉంటోందమ్మా? కావాలనే తగ్గుతున్నావా, అదే తగ్గుతోందా?" అని అడిగాను. ఆ పిల్ల తెల్లబోయింది. "అదే తగ్గుతోందక్కా" అంది. సెలవు పెట్టించి పెద్దాసుపత్రికి పంపించాను. నాలుగు రోజుల తర్వాత వచ్చి, "థైరాయిడంట అక్కా, రోజూ ఒక మాత్ర వేసుకోమన్నారు. దీనికే మీరు మా అమ్మని కూడా హడలగొట్టేశారు" అని నవ్వింది. ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

సన్నబడినవాళ్ళెవరు కనబడినా నేనిప్పుడు మెచ్చుకోను, అదే అడుగుతాను. నాదొక చాదస్తం అనుకునేవాళ్ళు అనుకుంటున్నారు. అన్నం సగం వదిలేసి డబ్బా మూత పెట్టేసుకున్న భ్రమరాంబ గారిని, రోజూ ఎదురుగా కూర్చుని తిన్న మేమెవ్వరమూ ఆ ఒక్క మాట అడగలేదు.